వరంగల్ నుంచి విమాన ప్రయాణం: దూరం, టైం లెక్క ఎట్లా వేసుకోవాలి

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో రెండుంబావు గంటలు. హనుమకొండ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి కారులో మూడు గంటలు. గాల్లో 1,260 కిలోమీటర్లు పోవడానికి పట్టే టైం కన్నా, రోడ్డు మీద 170 కిలోమీటర్లు పోవడానికే ఎక్కువ పడుతుంది. మన దిక్కు నుంచి విమానం ఎక్కేవాళ్ల లెక్క తప్పేది ఇక్కడే. టికెట్ మీద రాసున్న గంటలు చూసి ప్రయాణం అంతేననుకుంటారు. అది ప్రయాణంలో ఒక ముక్క మాత్రమే. మిగతాది ఎవరూ రాసివ్వరు, మనమే వేసుకోవాలి. కాగితం, పెన్ను ఉంటే చాలు, ఎట్లా వేయాలో వరుసగా చెప్తాను.

వరంగల్‌కే విమానం వస్తే ఈ తిప్పలు సగం తగ్గేవి. నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయం 1981 దాకా నడిచి మూతపడింది. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో, దానికి 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదనే షరతు ఉంది. మామునూరు ఆ గీతకు కొద్దిగా లోపలే పడుతుంది. దాంతో ఫైలు ఏళ్ల తరబడి కదల్లేదు. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడ విమానం దిగే రోజు వచ్చేదాకా మనకు శంషాబాదే దిక్కు.

మొదటి పని: గాల్లో దూరం కనుక్కోండి

రోడ్డు దూరం, రైలు దూరం విమానానికి పనికిరావు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి శంషాబాద్ విమానాశ్రయం మీద మౌస్ కుడి బటన్ నొక్కితే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. అది ఎంచుకుని, వెళ్లాల్సిన ఊరి విమానాశ్రయం మీద నొక్కండి. గీత పడి కిలోమీటర్లు కనిపిస్తాయి. ఫోన్‌లో అయితే వేలు కాసేపు అదిమిపెడితే పిన్ను పడుతుంది, దాని వివరాల్లో అదే ఆప్షన్ ఉంటుంది. ఊరి పేరు మీద కాకుండా విమానాశ్రయం మీదే నొక్కాలన్నది గుర్తుంచుకోండి.

నెట్ లేకపోతే పిల్లల స్కూల్ అట్లాస్ తీయండి. ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. శంషాబాద్ 17.2 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, ఢిల్లీ విమానాశ్రయం 28.6 దగ్గర. రెండూ ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి కాబట్టి పక్కచూపులు అక్కర్లేదు. తేడా 11.4. దాన్ని 111తో గుణిస్తే 1,265. మ్యాప్‌లో కొలిచినా అంతే వస్తుంది.

అడ్డంగా పోయే ఊళ్లకు ఇంకొక్క మెట్టు ఎక్కాలి. మన అక్షాంశం దగ్గర రేఖాంశం డిగ్రీకి 106 కిలోమీటర్లు వేసుకోండి. ముంబయి మనకన్నా 5.6 డిగ్రీలు పడమర, 1.9 డిగ్రీలు ఉత్తరం. అంటే అడ్డంగా 590, నిలువుగా 210. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 625 దగ్గరికొస్తుంది. పదో తరగతి చదివే పిల్లవాడికి ఇస్తే రెండు నిమిషాల్లో చేసిపెడతాడు. అదే ముంబయి రోడ్డు మీదైతే 700 దాటుతుంది.

అమెరికా లాంటి దూరాలకు మాత్రం అట్లాస్ మోసం చేస్తుంది. గుండ్రటి భూమిని పలకలా పరిచిన బొమ్మ కదా. అక్కడ గ్లోబు, దారం కావాలి. హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం బిగించి పట్టి చూడండి. అట్లాంటిక్ మీంచి పోతుందనుకుంటాం గానీ దారం ఉత్తర ధ్రువం పక్క నుంచి జారుతుంది, ఎందుకంటే డాలస్ రేఖాంశం మనకు దాదాపు సరిగ్గా భూమికి అవతలి వైపు. ఆ దారి లెక్కన దూరం 14,400 కిలోమీటర్ల చిల్లర. కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో పోయే తల్లిదండ్రులు మధ్యలో దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారతారు. దుబాయ్ మీదుగా అయితే 15,500 అవుతుంది.

రెండో పని: కిలోమీటర్లను గంటలు చేయండి

జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. లేవడానికి, దిగడానికి, రన్‌వే దాకా మెల్లగా నడవడానికి కొంత పోతుంది. అందుకని సూత్రం ఇది: కిలోమీటర్లను 800తో భాగించి, అరగంట కలపండి. ఢిల్లీకి 1,265ను 800తో భాగిస్తే గంటా 35 నిమిషాలు. అరగంట కలిపితే రెండు గంటల ఐదు నిమిషాలు. ముంబయికి గంటంబావు. దుబాయ్ 2,550 కిలోమీటర్లు, మూడు గంటల నలభై నిమిషాలు.

టికెట్ మీద దీనికన్నా ఓ పది, ఇరవై నిమిషాలు ఎక్కువే కనిపిస్తుంది. వాళ్లు రాసేది విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. దారిలో, దిగేచోట వరుసలో ఆగాల్సి వస్తుందని కొంత మిగులు ముందే కలుపుకుంటారు. అందుకే ఒక్కోసారి ఆలస్యంగా లేచిన విమానం కూడా టైంకే దిగుతుంది. పైలట్ తొక్కిపట్టి నడిపాడని మురిసిపోనక్కర్లేదు.

తిరుపతి, రాజమండ్రి లాంటి ఊళ్లకు ఫ్యాన్ రెక్కల ఏటీఆర్ విమానాలు కూడా నడుస్తాయి. వాటికి 800 కాదు, 450తో భాగించండి. తిరుపతికి గాల్లో 420 కిలోమీటర్లు. జెట్‌కు గంట, ఏటీఆర్‌కు గంటా ఇరవై ఐదు.

ఇక గాలి సంగతి. దుబాయ్‌కు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకే టైం పట్టదు. ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంటుంది, చలికాలంలో ఉత్తర భారతం మీదుగా మరీ జోరుగా. పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెన్నంటి తోస్తుంది. అందుకే దుబాయ్ నుంచి ఇంటికొచ్చే విమానం అరగంట దాకా ముందే చేరుతుంది. ఢిల్లీ ఉత్తరాన ఉంది కాబట్టి ఆ దారిలో ఇంత తేడా కనిపించదు.

మూడో పని: టికెట్ మీద గడియారం ఎవరిదో చూడండి

టికెట్ మీద ఉండేవన్నీ ఆయా ఊళ్ల టైములే. బయల్దేరేది మన టైం, దిగేది అక్కడి టైం. రెండింటినీ నేరుగా తీసివేస్తే తప్పు వస్తుంది. దుబాయ్, మస్కట్ మనకన్నా గంటన్నర వెనక. దోహా, రియాద్, కువైట్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు.

ఉదాహరణకు టికెట్ మీద హైదరాబాద్‌లో ఉదయం 10:00కు లేచి దుబాయ్‌లో మధ్యాహ్నం 12:15కు దిగుతుందని ఉందనుకోండి. రెండుంబావు గంటలేనా అనిపిస్తుంది. దిగే టైంను మన టైంలోకి మార్చండి: 12:15కు గంటన్నర కలిపితే 1:45. ఇప్పుడు తీసివేయండి, మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. వచ్చేటప్పుడు దుబాయ్‌లో రాత్రి 10:00కు లేచి ఇక్కడ తెల్లవారుజామున 3:00కు దిగుతుందని ఉంటే ఐదు గంటలనిపిస్తుంది. అక్కడి 10:00 మనకు 11:30. అంటే మూడున్నర గంటలే.

డాలస్‌కు ఇదే లెక్క, కాకపోతే సంవత్సరంలో రెండు రకాలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుకుంటారు. అప్పుడు తేడా పదిన్నర గంటలు, మిగతా రోజుల్లో పదకొండున్నర. జూలై 10న తెల్లవారుజామున 4:00కు ఇక్కడ లేచి, అదే 10వ తేదీ సాయంత్రం 5:00కు డాలస్‌లో దిగుతారని టికెట్ మీద ఉందనుకోండి. 5:00కు పదిన్నర గంటలు కలిపితే మనకు 11వ తేదీ తెల్లవారుజామున 3:30. అంటే మధ్యలో దిగి ఆగిన టైంతో కలిపి మొత్తం ఇరవై మూడున్నర గంటలు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లతో ఈ లెక్క తప్పకుండా వేయించండి. అక్కడి గడియారం చూసి మాత్ర వేసుకుంటే పూటలు తారుమారవుతాయి. ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడిగి కాగితం మీద రాసుకోవాలి.

అన్నింటికన్నా పెద్ద ఉచ్చు తేదీది. గల్ఫ్ విమానాలు చాలా మటుకు అర్ధరాత్రి దాటాక లేస్తాయి. టికెట్ మీద 15వ తేదీ 01:30 అని ఉంటే, అది 14వ తేదీ రాత్రి ప్రయాణం. 14న రాత్రి పదిన్నరకల్లా మీరు శంషాబాద్‌లో ఉండాలి, ఆ సాయంత్రమే ఇల్లు వదలాలి. 15న పొద్దంతా సామాను సర్దుకుని రాత్రికి పోదామనుకుంటే విమానం పోయి ఇరవై గంటలు దాటుతుంది. టికెట్ చేతికి రాగానే క్యాలెండర్‌లో 14వ తేదీ గడిలో "ఈ సాయంత్రం బయల్దేరాలి" అని పెద్దక్షరాలతో రాయండి. విమానం టైం రాయొద్దు. ఇంట్లో పదిమందికీ కనిపించాల్సింది ఇల్లు వదిలే టైం.

నాలుగో పని: వెనక్కి లెక్కపెట్టండి

అసలు గైడ్ ఇదే, పైదంతా దీనికి ముడిసరుకు. ఉదయం ఆరు గంటలకు విమానం అనగానే మన బుర్ర ఆరును పట్టుకుని వేలాడుతుంది. ఆరు గంటలకు విమానం కదులుతుంది, అంతే. మీకు ముఖ్యమైన టైం కౌంటర్ మూసే టైం. దేశంలోపలి విమానాలకు మామూలుగా గంట ముందు మూసేస్తారు. విదేశాలకు గంట నుంచి గంటంబావు ముందు, ఎయిర్‌లైన్‌ను బట్టి. టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. బోర్డింగ్ గేటు కూడా ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ముందే మూస్తారు. కౌంటర్ మూసేశాక అవతల విమానం కళ్ల ముందు కనిపిస్తున్నా ఎక్కనివ్వరు, బతిమాలినా లాభం లేదు.

కాగితం మీద కింది నుంచి పైకి రాయండి. ఉదయం 6:00 ఢిల్లీ విమానం. 5:00కు కౌంటర్ బంద్. క్యూ కోసం మరో గంట, కాబట్టి 4:00కు టెర్మినల్ గుమ్మం దగ్గర దిగాలి. హనుమకొండ నుంచి రోడ్డు మూడు గంటలు: 1:00. దారిలో చాయ్, డీజిల్, పిల్లలు ఆపమనడం, వీటికి పావుగంట: 12:45. టైరు పంక్చర్‌కో, దారిలో ఆగిన లారీకో అరగంట: 12:15. అంటే ఆరు గంటల విమానానికి మీరు అర్ధరాత్రి పన్నెండుంబావుకు ఇంట్లోంచి అడుగు బయట పెట్టాలి. ఆ రాత్రి నిద్రపోయి లేవడం కన్నా, తినేసి నేరుగా బయల్దేరడమే నయం. డ్రైవర్ మాత్రం పగలు నిద్రపోయి ఉండాలి. "మూడు గంటలల్ల దింపుత అన్నా, ఫికర్ చేయకుండ్రి" అనే డ్రైవర్‌ను ముందు "పొద్దుట్నుంచి ఎన్ని ట్రిప్పులు కొట్టినవ్ తమ్మీ" అని అడగండి.

విదేశాలకైతే టెర్మినల్‌కు మూడు గంటల ముందు చేరాలి. ఇమిగ్రేషన్ క్యూ ఒకటి అదనం. పనికి వెళ్లేవాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (విదేశీ పనికి ముందే ప్రభుత్వ అనుమతి కావాల్సిన) రకానిదైతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితాలు కూడా చూస్తారు, అవి చేతి సంచిలో పైనే ఉండాలి. ఉదయం 10:00 దుబాయ్ విమానానికి 7:00కు టెర్మినల్, తెల్లవారుజామున 3:15కు హనుమకొండ.

సామాను ఇంట్లోనే తూకం వేయండి. కౌంటర్ ముందు పెట్టె విప్పి ఆవకాయ డబ్బా ఒక సంచిలోంచి తీసి ఇంకో సంచిలో కుక్కుతూ, వెనక క్యూలో వాళ్లు చూస్తుంటే తలొంచుకుని నిలబడ్డ కుటుంబాలను అక్కడ ఏ రాత్రైనా చూడొచ్చు. పచ్చళ్లు చెకిన్ పెట్టెలోనే, అంటే కౌంటర్ దగ్గర అప్పగించేదాంట్లోనే వేయండి, క్యాబిన్ సంచిలో ఆపేస్తారు. ఎండు కొబ్బరి చెకిన్ పెట్టెలో నిషేధం, నూనె ఎక్కువ కాబట్టి మంట అంటుకుంటుందని. నానమ్మ ఎంత ప్రేమతో ఇచ్చినా సరే.

ఐదో పని: దారి తేల్చుకోండి

వరంగల్, హనుమకొండ వాళ్లకు 163వ నంబర్ హైవే. స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్. దారిలో కోమళ్ల దగ్గర, గూడూరు దగ్గర టోల్. ఫాస్టాగ్‌లో డబ్బులు ముందు రోజే చూసుకోండి. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నేరుగా శంషాబాద్. కొందరు డ్రైవర్లు ఔటర్ టోల్ మిగుల్చుకుందామని ఉప్పల్ మీదుగా ఊళ్లోకి తీసుకుపోతారు. బోడుప్పల్, ఉప్పల్ రద్దీలో పోయే టైం ముందు ఆ మిగిలే డబ్బు ఎందుకూ కొరగాదు. బండి మాట్లాడుకునేటప్పుడే ఔటర్ మీదనే పోవాలని తేల్చి చెప్పండి.

ఆదివారాలు, కార్తీక మాసం, సెలవుల్లో రాయగిరి దగ్గర యాదగిరిగుట్ట బండ్లు కలుస్తాయి. మేడారం జాతర రోజుల్లో, దసరా, సంక్రాంతి అటూఇటూ మామూలు మూడు గంటలకు మరో గంటన్నర కలపండి. ఇంకో మాట: సాగనంపడానికి ఒక బండి నిండా చుట్టాలు వస్తారు, అందులో ఎవరో ఒకరు "పోతూ పోతూ గుట్టకు పోయి నరసింహస్వామిని దర్శనం చేసుకుని పోదాం" అంటారు. కాదనడం కష్టమే. దింపి తిరిగొచ్చేటప్పుడు తీరిగ్గా పోవచ్చని చెప్పండి.

కరీంనగర్ వాళ్లకు రాజీవ్ రహదారి: సిద్దిపేట, ప్రజ్ఞాపూర్ మీదుగా వచ్చి శామీర్‌పేట దగ్గర ఔటర్. మొత్తం 200 కిలోమీటర్ల దరిదాపు, జగిత్యాల వాళ్లకు మరో 50. నాలుగు వరుసల రోడ్డే అయినా ఊరూరా క్రాసింగులు, ట్రాక్టర్లు. కరీంనగర్ నుంచి నాలుగు గంటలు, జగిత్యాల నుంచి ఐదు వేసుకోండి. నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ వాళ్లు 44వ నంబర్ హైవే మీద మేడ్చల్ దాటి కండ్లకోయ దగ్గర ఔటర్ ఎక్కాలి. ఆదిలాబాద్ వాళ్లు ఢిల్లీకో ముంబయికో పోవాలంటే నాగ్‌పూర్ విమానాశ్రయాన్ని కూడా చూడండి. హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200.

రైల్లో పోవాలనుకుంటే కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రెండు గంటల చిల్లర. అక్కడి నుంచి పుష్పక్ బస్సో క్యాబో పట్టుకుని శంషాబాద్‌కు మరో గంట, గంటన్నర. ఇప్పుడు కొన్ని రైళ్లు సికింద్రాబాద్ పోకుండా చర్లపల్లిలోనే ఆగుతున్నాయి, టికెట్ మీద చివరి స్టేషన్ చూసుకోండి. చర్లపల్లి ఔటర్‌కు దగ్గర కాబట్టి క్యాబ్ పట్టుకునేవాళ్లకు అదే మేలు. తెల్లవారుజాము విమానానికి అదే రాత్రి రైలును నమ్ముకోవద్దు. ముందు రోజు మధ్యాహ్నం రైలెక్కి, హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పడుకోవడం మంచిది.

ఆరో పని: విమానం లాభమేనా చూడండి

ఇప్పుడు అన్నీ కలపండి. హనుమకొండ నుంచి ఢిల్లీకి: రోడ్డు, ఆగుళ్లు, మిగులు కలిపి మూడు గంటల నలభై ఐదు, విమానాశ్రయంలో రెండు, గాల్లో రెండుంబావు, అవతల సామాను తీసుకుని ఊళ్లోకి చేరడానికి గంటన్నర. తొమ్మిదిన్నర గంటలు. రైలుకు ఇరవై గంటల పైమాటే. ఢిల్లీకి విమానమే నయం.

తిరుపతికి అట్లా కాదు. గాల్లో గంట, నిజమే. కానీ ఇంటి నుంచి కొండ కిందికి చేరేసరికి ఎనిమిది గంటలు దాటుతుంది, ఖర్చు వేరే. పద్మావతి ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లోనే ఆగుతుంది, రాత్రి పడుకుంటే పొద్దున తిరుపతి. విజయవాడకు విమానం గురించి అసలు ఆలోచించొద్దు. మన వరంగల్ స్టేషన్ నుంచి రైలు మూడు గంటల్లో చేరుస్తుంది, ఆ టైంకు మీ కారు శంషాబాద్ గుమ్మం దగ్గర ఉంటుంది. నా లెక్కలో గాల్లో దూరం 600 కిలోమీటర్ల లోపు ఉన్న ఊళ్లకు వరంగల్ నుంచి విమానం దండగ. ముంబయి గీత మీద ఉంది, పనిని బట్టి తేల్చుకోండి.

తీసుకురావడానికి పోయేవాళ్లకు

టికెట్ మీది టైం చూసి బయల్దేరకండి. విమానం నంబర్ అడిగి పెట్టుకోండి. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లోనో, ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లోనో ఆ నంబర్ కొడితే నిజంగా లేచిందా, ఎక్కడుందో కనిపిస్తుంది. దిగే తేదీ కూడా మన గడియారం లెక్కన మళ్లీ చూసుకోండి, అర్ధరాత్రి దాటే విమానాలకు ఇక్కడా అదే తికమక. విదేశాల నుంచి దిగినవాళ్లు ఇమిగ్రేషన్, సామాను దాటుకుని బయటికి రావడానికి గంట పడుతుంది. దుబాయ్ నుంచి గాల్లో మూడుంబావు, మూడున్నర. రెండూ కలిపితే నాలుగుంబావు గంటల పైనే. హనుమకొండ నుంచి శంషాబాద్ మూడు గంటలు. కాబట్టి సాయంత్రం నుంచే పోయి పార్కింగ్‌లో దోమలు కొట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. దుబాయ్‌లో విమానం లేచిందని ఫోన్‌లో చూసి, చాయ్ తాగి బయల్దేరినా వాళ్లకన్నా ముందే గేటు దగ్గరుంటారు.